నిమ్మకాయ ముందు ఆగిన బండి

యాదగిరీ,

ప్రజ్ఞాపూర్ రోడ్డు మీద ఆ లారీ నిన్ను గుద్దేనాటికి సగంలో ఉన్న మన డ్రైవర్ లేని బొమ్మ రైలుబండిని ఈరోజు పాలిటెక్నిక్ హాల్లో అందరి ముందూ నడిపాం. చూడ్డానికి నంగునూరు నుంచి మీ అవ్వ వచ్చింది.

కొత్త బండి కదా, నిమ్మకాయ తెచ్చింది. అది చక్రం కంటే పెద్దదని చెప్పినా వినకుండా పట్టాల మీద పెట్టింది. స్విచ్ వేశాను. బండి కదిలి, నిమ్మకాయకు తగిలీ తగలగానే టక్కున ఆగిపోయింది.

అందరూ నవ్వారు. "నిమ్మకాయ తొక్కనిది ఏం బండిరా?" అన్నారు పరీక్షకు వచ్చిన సారు.

నాకు మాత్రం బండి ముందున్న రేకు గుర్తొచ్చింది. దానికి ఏది తగిలినా కరెంటు తెగి బండి ఆగాలని పట్టుబట్టి బిగించింది నువ్వే కదా. "బొమ్మబండికి మేకలు అడ్డమొస్తయారా?" అని మేమంతా నిన్ను ఆటపట్టించాం.

అదే మీ అవ్వకు చెప్పాను. ఆమె నిమ్మకాయ తీసి కొంగున ముడేసుకుంది. బండి మళ్ళీ కదిలి, పట్టాల మీద ఒక చుట్టు తిరిగి, బొమ్మ స్టేషన్ దగ్గర తనంతట తానే ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె కొట్టలేదు. వంగి ఆ రేకును వేలితో తాకి చూసింది.

"గిసొంటిది లారీలకెందుకు పెట్టరు బిడ్డా?" అని అడిగింది.