గ్లౌజు పట్టేంత జాగ

నరహరన్నా,

నా మాటే నెగ్గింది! మా క్యాంపస్ ల్యాబుల చేస్తున్న కొత్త రైఫిల్‌కు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డును పెద్దగ చేద్దామంటే సార్లు నవ్విన్రు. తార్నాక ఎండల అందరు ఉత్త చేతులతోనే పట్టి చూసిన్రు మరి. నిన్న ఐస్‌క్రీం గోదాం నుంచి మందం గ్లౌజు అడుక్కొచ్చి పెద్దసారుకే తొడిగిన. ఆయన వేలు ఆ చిన్న గార్డు లోపలికి పోనే లేదు. అక్కడికక్కడే నా డ్రాయింగే ఖాయం చేసిండు.

మొన్న సెలవుకొచ్చి అన్నం చెంచాతోని ఎందుకు తిన్నవో అమ్మకు తెల్వదు. సరిహద్దు మంచుల గ్లౌజు తీసి తుపాకి కాలిస్తే వేలు చచ్చుబడ్తదని నాకు తెల్వదనుకున్నవా?

ఈ రైఫిల్ చేతికొచ్చినంక గ్లౌజుతోనే కాల్చు. పప్పన్నం మాత్రం ఇంటికొచ్చి చేత్తోనే కలుపుకోవాలె.

నీ చెల్లె