ఏ వరసన వెళ్ళాలి ఫిటియాంగాకి

జనవరి 24, శనివారం

హారిక ఆ అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. పేరు ఇవాన్. బల్గేరియా వాళ్ళట. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాడు. ఇది ముందే చెప్పి ఉంటుంది. పప్పులో నెయ్యి వేస్తే వద్దనలేదు, రెండోసారి కూడా వేయించుకున్నాడు. ఫ్రెండ్ అంది. ఎంత ఫ్రెండో నేను అడగలేదు. వెళ్ళేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని "థాంక్యూ ఆంటీ" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మ్యాపులో చూశాను. టర్కీ పక్కన. సముద్రం ఒడ్డే. మా కాకినాడలాగే.

జనవరి 26, సోమవారం

ఈయన వెల్లింగ్టన్ నుంచి ఫోను. కాంట్రాక్టు జూన్ దాకా పొడిగించారట. ఇంక రెండు వారాలకోసారి రావడమే. ఇవాన్ సంగతి చెప్పాను.  "వాళ్ళది ఏ సముద్రం?" అన్నారు. కూతురి సంగతి చెప్తే అదా అడగడం? నల్ల సముద్రం అన్నాను. "ఊఁ" అన్నారు.

ఆ "ఊఁ" ఎలాంటిదో ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంకా తెలీదు నాకు.

జనవరి 31, శనివారం

మా పేట శాండ్రింగ్‌హామ్‌లోనే, మేం ఎప్పుడూ వెళ్ళే దోసెల హోటల్లో, ఇవాన్ వాళ్ళమ్మని కలిశాం. పేరు చెప్పింది... రాధక్క అన్నట్టు వినిపించింది. "రాధక్కా?" అన్నాను. "అవును, రాద్కా" అంది. హారిక నవ్వు ఆపుకుంటోంది. నాకింక రాధక్కే.

అరవై ఉంటాయి. పొట్టి జుట్టు. బేకరీలో పని. భర్త పోయి తొమ్మిదేళ్ళు. మసాలా దోసె చేత్తోనే తింది. చట్నీ అయిపోతే నా గిన్నె లాక్కుంది.

మార్చి ఒకటిన ఏదో పండుగట. ఇక్కడున్న వాళ్ళ దేశం వాళ్ళు కొందరు ఫిటియాంగా బీచిలో కలుస్తారట. "మనం కూడా వెళ్దాం. నాలుగు రోజులు. మీరు, మేము. ఖరీదైనవి వద్దు. సముద్రానికి టిక్కెట్టు లేదుగా" అంది. గది వెతికే పని నా మీద పడింది. "మమ్ డీల్స్ బాగా పట్టుకుంటుంది" అని హారికే అంటగట్టింది.

ఇది హాలిడేనా, పెళ్ళిచూపులా? ఎవర్ని అడగాలి?

ఫిబ్రవరి 3, మంగళవారం

ఫిటియాంగా కోరమాండల్‌లో ఉంది. కోరమాండల్ అంటే మనదే కదా! స్కూల్లో ఎన్నిసార్లు గీశాను ఆ తీరం. మన తీరం పేరు పెట్టుకున్న ఓడ ఒకటి ఇటు వచ్చిందట, ఆ ఓడ పేరు ఈ చోటుకి మిగిలిందట. ఈయనకి చెప్తే "అయితే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి తత్కాల్‌లో ప్రయత్నించు" అన్నారు. నవ్వారు. అంటే ఒప్పుకున్నట్టేనా?

మోటళ్ళ రేట్లకి కళ్ళు తిరిగాయి. హాలిడే పార్కులో క్యాబిన్లు నయం, ఒకటి బుక్ చేశాను. మంచాలు మాత్రం ఇస్తారు, దుప్పట్లు మనవే, వంటిల్లు అందరికీ ఒకటే. పోపు పెడితే ఇంగువ వాసనకి ఎవరేమంటారో.

ఫిబ్రవరి 6, శుక్రవారం

సెలవు. రాధక్క ఇంటికి వెళ్ళి క్యాబిన్ ఫొటోలు చూపించాను. తల అడ్డంగా ఊపింది. మొహమాటానికి ఏమీ అనలేదనుకుని, బయటికొచ్చి కారులోనే కాన్సిల్ చేసేశాను.

సాయంత్రం ఇవాన్ ఫోను. "ఆంటీ, ఎందుకు కాన్సిల్ చేశారు? అమ్మకి బాగా నచ్చింది." వాళ్ళలో అడ్డంగా ఊపితే అవునట. నిలువుగా ఊపితే కాదట. ఎప్పుడూ అంతేనా అన్నాను. "లేదాంటీ, ఇక్కడికొచ్చి ఇరవయ్యేళ్ళయింది కదా, ఒక్కోసారి కివీల్లాగా ఊపుతుంది. నోరు తెరిచేదాకా నాకూ తెలీదు."

మళ్ళీ బుక్ చేశాను. ముందు చూసింది పోయింది. చెత్తడబ్బాల పక్కది దొరికింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

హారికతో ఒక మాట అన్నాను. రాయాలా వద్దా... రాస్తాను. మేలో రాజమండ్రిలో అక్క కూతురి పెళ్ళి. అది అయ్యేదాకా ఇవాన్ సంగతి అక్కడెవరికీ తెలియనివ్వొద్దని, అతనితో దిగి ఆన్‌లైన్లో పెట్టిన ఫొటోలు తీసెయ్యమని. "ఓకే" అంది. అంతే. గిన్నెలన్నీ కడిగి తన ఫ్లాటుకి వెళ్ళిపోయింది.

ఎప్పుడూ కడగదు.

ఫిబ్రవరి 14, శనివారం

రాధక్క వంటింట్లో రోజంతా. బనిట్సా నేర్పింది. కాగితమంత పల్చటి రొట్టె పొరలు, మధ్యలో గుడ్డు, తెల్ల చీజ్, చుట్టలు చుట్టి కాల్చడం. నా చుట్ట విచ్చుకుపోయింది. "ఫరవాలేదు, లోపలికెళ్ళి ఎలాగూ విచ్చుకుంటుంది" అంది. పెరుగులో కీరా, వెల్లుల్లి, అక్రోటు కలిపి గ్లాసులో పోసి ఇచ్చింది. సూపట! మజ్జిగ పులుసు కాచడం మర్చిపోయినట్టుంది. రెండు గ్లాసులు తాగాను.

అడిగింది: "పిల్లలు పెళ్ళి చేసుకుంటే నువ్వూ నేనూ ఏమవుతాం?"

వియ్యపురాళ్ళం అని చెప్పాను. నోరు తిరగలేదు పాపం. వాళ్ళకీ ఒక మాట ఉందట. స్వాత్యా. ఇంగ్లీషులో లేదు. ఇద్దరం వెతికాం, లేనే లేదు. ఎందుకో ఇద్దరికీ తెగ నవ్వొచ్చింది.

ఇంటికొస్తుంటే గుర్తొచ్చింది. పెళ్ళి అన్న మాట ఆవిడ నోట రావడం ఇదే మొదటిసారి. పిల్లలు ఆవిడకి చెప్పారా? నాకెందుకు చెప్పలేదు?

ఫిబ్రవరి 18, బుధవారం

విడిపోయారట.

ఫిబ్రవరి 19, గురువారం

నిన్న పనిలో ఉండగా హారిక మెసేజ్ వచ్చింది. మనురేవాలో మా మందుల షాపు కౌంటర్లో నిలబడి చదివాను. ముందు పెద్దావిడ ఒకరు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తున్నారు. ఆవిడకి దగ్గు మందు ఇచ్చానట, తిరిగొచ్చి మార్చుకున్నారు.

సాయంత్రం హారికకి ఫోను చేశాను.

"ఏమైందే?"

"ఏం కాలేదమ్మా. ఇట్ జస్ట్ ఎండెడ్."

"ఏదో ఒకటి అవుతుంది కదా?"

"క్యాబిన్ కాన్సిల్ చెయ్యి. ప్లీజ్."

సరే అన్నాను.

చెయ్యలేదు. పది రోజుల లోపయితే డబ్బు వెనక్కి రాదని నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. ఏది కారణమో తెలీదు.

నా వల్లేనా? ఆ ఫొటోల మాట వల్లేనా?

ఫిబ్రవరి 21, శనివారం

ఈయన వచ్చారు. అన్నం తినేటప్పుడు చెప్పాను, రాధక్కతో ఫిటియాంగాకి వెళ్దామనుకుంటున్నానని. ముద్ద ఆపేశారు.

"వాళ్ళిద్దరికీ లేంది నీకెందుకు? ఏ వరసన వెళ్తావు నువ్వు?"

పెరుగు గిన్నె అటు జరిపాను.

"హారికకి తెలిస్తే?"

గ్లాసులో నీళ్ళు పోశాను.

చెయ్యి కడుక్కుని, "టైర్లలో గాలి చూపించుకో. ఆ కొండ దారి మంచిది కాదు" అన్నారు. అంటే వెళ్ళమనా?

ఫిబ్రవరి 24, మంగళవారం

రాధక్క మా షాపుకి వచ్చింది. రెండు బస్సులు మారి. క్యూలో నిలబడింది, తన వంతు వచ్చేదాకా. కౌంటర్ మీద ఒక గాజు సీసా పెట్టింది. ఎర్ర మిరపకాయలు, టమాటాలు కాల్చి నూరిన పచ్చడి.

"మనం వెళ్తున్నామా?" అంది.

తలూపాను. ఎటు ఊపానో నాకే తెలీదు. ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది. "మాటతో చెప్పు సుజాతా" అంది.

"వెళ్తున్నాం" అన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం — ఫిటియాంగా

నేనే డ్రైవ్ చేశాను! ఆవిడకి భుజం నొప్పి, స్టీరింగ్ తిప్పలేదు. కొండ మీద మలుపులు... వెనక లారీ. ఊపిరి బిగబట్టి. ఆవిడ కిటికీ పైన పిడి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో గొణిగింది, దండకమో తిట్లో. కిందికి దిగాక ఇద్దరం కారాపి గడ్డిలో కూర్చుని పులిహోర తిన్నాం.

క్యాబిన్ అగ్గిపెట్టె. రెండు మంచాల మధ్య మోకాలు పట్టదు. చెత్తడబ్బాల మీద సీగల్స్ గోల. తలుపు తీస్తే మాత్రం రోడ్డవతలే నీళ్ళు.

పిల్లల మాట ఇద్దరం ఎత్తలేదు. దారి పొడుగునా.

ఫిబ్రవరి 28, శనివారం

ఇక్కడికి దగ్గర్లో ఒక బీచి ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇసక తవ్వితే అడుగునుంచి వేడినీళ్ళు ఊరతాయి. పార్కులో పార ఒకటి అరువిచ్చారు. తవ్వాం. చీర వద్దని హారిక పాత ట్రాక్‌ప్యాంటు వేసుకున్నాను. ఆవిడ ఒక చేత్తో, నేను రెండు చేతులతో. మొదటి గుంటలో చల్లనీళ్ళు. రెండో గుంట... కాలు పెట్టి కేకేశాను, అంత వేడి. సముద్రం నీళ్ళు కొంచెం లోపలికి వచ్చేట్టు గట్టు తెంపాం. ఇద్దరం అందులో కూర్చున్నాం, అన్నప్రాసన నాటి పిల్లల్లా కాళ్ళు చాపి.

చెప్పేశాను. ఫొటోల సంగతి. రాజమండ్రి పెళ్ళి సంగతి. బంధువుల భయం వల్ల నా కూతుర్ని దాక్కోమన్నాను, మీ అబ్బాయిని దాచిపెట్టమన్నాను అని.

ఆవిడ చాలాసేపు ఇసక గట్టు సర్దుతూ ఉండిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. వచ్చిందేమో కూడా.

"నేనూ ఒకటి చేశాను" అంది. బుర్గాస్‌లో వాళ్ళ ఊరి ఇల్లు తాళం వేసి ఉందట. ఇవాన్‌ని ఒక రోజు పట్టుకుని అడిగిందట, ఆ అమ్మాయి మన ఊరొచ్చి ఉంటుందా, ఉండనంటే ఇప్పుడే తేల్చుకో అని. అడిగిన మూడోరోజుకి విడిపోయారట.

"అయితే నీ వల్లా, నా వల్లా?" అన్నాను.

"వాళ్ళ వల్లే అయి ఉండొచ్చు కూడా" అంది.

అప్పుడు కోపం వచ్చింది నాకు! మా పిల్లని ఎక్కడో బుర్గాస్‌లో ఉంచాలనుకుందా ఈవిడ, నాతో ఒక్క మాటైనా అనకుండా? లేచి వెళ్ళి సముద్రంలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి కెరటం ఒకటి మా గుంట సగం పూడ్చేసింది. ఆవిడ మళ్ళీ తవ్వుతోంది, నొప్పి చేత్తోనే. పార లాక్కున్నాను.

మార్చి 1, ఆదివారం

పొద్దున్నే లేపి నా మణికట్టుకి ఎరుపూ తెలుపూ పురి వేసిన దారం కట్టింది. చిన్న బొమ్మలు రెండు వేలాడుతున్నాయి. మనకి తోరంలాంటిది. వసంతం వస్తోందని కడతారట, పూసిన చెట్టు కనబడ్డాక విప్పాలట. "ఇక్కడ ఇప్పుడు వచ్చేది శరత్తు కదా?" అన్నాను. "అవును. ఇరవయ్యేళ్ళుగా అదే నాకూ అర్థం కావట్లేదు" అంది.

బీచిలో ఇరవై, ఇరవై అయిదు మంది. హామిల్టన్ నుంచి కొందరు, టౌరంగా నుంచి కొందరు. అందరి చేతికీ దారాలే. మడత టేబుళ్ళ మీద బనిట్సాలు, ఆలివ్‌లు, పుచ్చకాయ. నా పులిహోర మిగిలింది పెట్టాను, అయిపోయింది. ఒకాయన "ఇందులో పుల్లగా ఉన్నదేమిటి" అని మూడుసార్లు అడిగాడు.

ఒక ముసలావిడ నన్ను చూపించి రాధక్కని అడిగింది. ఏమడిగిందో తెలుస్తూనే ఉంది, ఎవరీవిడ అని. రాధక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"స్వాత్యా" అంది.

ఆ మాట ఒక్కటే నాకు తెలిసింది. ముసలావిడ నన్ను గట్టిగా కావిలించుకుంది. పక్కవాళ్ళకి చెప్పింది. అందరూ వచ్చి చేతులు పట్టుకుని ఊపుతున్నారు. శుభాకాంక్షలు అని ఇంగ్లీషులో చెప్తున్నారు. థాంక్యూ అంటున్నాను. థాంక్యూ, థాంక్యూ. లేని పెళ్ళికి.

కారులోంచి పాట పెట్టారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆట, హొరో అంటారు. నన్నూ లాగారు. అడుగులు కోలాటంలా ఉంటాయనుకున్నాను, కాదు, లెక్కలో ఎక్కడో ఒక అడుగు ఎక్కువ వస్తుంది. అందరూ కుడికి వెళ్తే నేను ఎడమకి. ముసలావిడ కాలు తొక్కాను. నా చెయ్యి మాత్రం రెండు వైపులా ఎవరూ వదల్లేదు. చివరికి ఎప్పుడు కలిసిందో, ఒక రెండు చుట్లు సరిగ్గా పడ్డాయి.

ఆట అయ్యాక అడిగాను, ఎందుకలా చెప్పావని.

"వేరే ఏం చెప్పను? ఇంకో మాట నాకు దొరకలేదు." మొహం తుడుచుకుంటోంది. చెమటేనేమో.

మార్చి 1, సాయంత్రం

క్యాబిన్ మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

ఇందాక హారిక ఫోను. ఇక్కడ సిగ్నల్ వస్తూ పోతూ.

"అమ్మా, ఎక్కడున్నావు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను, రాలేదు. సీగల్స్ అరుస్తున్నాయి, దానికీ వినిపిస్తాయి.

"ఫిటియాంగాలో."

"తెలుసు. ఇవాన్ చెప్పాడు. వాళ్ళమ్మ ఫొటో పంపిందట. డాన్స్ చేస్తున్నావు నువ్వు."

ఇవాన్ చెప్పాడా? అంటే మాట్లాడుకుంటున్నారా? "మీరిద్దరూ..." అన్నాను.

"అమ్మా, డోంట్ స్టార్ట్." గొంతులో కోపమో, ఏడుపో, నవ్వో. "కాన్సిల్ చేస్తానన్నావు కదా నాతో!"

"తప్పే" అన్నాను. "ఆ ఫొటోల మాట కూడా తప్పేనే. దాచుకోమని నిన్ను అనకుండా ఉండాల్సింది."

  మాటకో ఇంగ్లీషు ముక్క కలిపే పిల్ల, అచ్చ తెలుగులో అంది:

"అక్కడే ఉండండి. వస్తున్నా..."

కట్ అయిపోయింది.

వస్తున్నా అందా? వస్తున్నాం అందా? చివర్లో పెదవులు కలిసినట్టే వినిపించింది... గాలేమో. తిరిగి చేస్తే కలవట్లేదు. మెసేజ్ పెట్టాను, వెళ్ళలేదు.

రాధక్క వచ్చి నిలబడింది. "ఏమంది?"

"కమింగ్ అంది" అన్నాను. ఎవరు అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. లోపలికెళ్ళి నా మంచం మీద సామానంతా కిటికీ దగ్గరికి జరుపుతోంది, చోటు చేస్తోంది. ఎంతమందికో నాకు తెలీదు. ఆవిడకీ తెలీదు.

కొండ దిగే దారిలో కారు లైట్లు కనబడతాయి ఇక్కణ్ణించి. ఇంకా రెండు గంటలు పట్టచ్చు.

టైర్లలో గాలి చూసుకున్నారో లేదో.

చూసుకుందో... చూసుకున్నారో.