ఎడమ చెవి

1957 నవంబర్ 4, నాగపూర్

జలుబు తగ్గలేదు. రాత్రంతా విమానంలో పని; పగలు నిద్ర పట్టాలని హోటలు గది కిటికీకి దుప్పటి కట్టినా. మా కెప్టెన్ నేర్పిందే. పరాయి ఊర్లో కూజానీళ్లు తాగొద్దు, టీ తాగు. చెప్పులు ఎప్పుడూ మంచానికి ఒకే పక్కన విడువు. ముక్కు మూసుకుపోతే మాత్రం విమానం ఎక్కొద్దు...

నవంబర్ 5

పెనుకొండ నుంచి మామ టెలిగ్రాం. సుభద్రకు నొప్పులు మొదలైనాయంట. మాకు తొలి కాన్పు.

కెప్టెన్ నా ముఖం చూసి — "జలుబా?"

"లేదు సార్."

జలుబని చెప్పి ఇక్కడ ఆగిపోతే మళ్లీ ఎప్పటికి బయటపడతానో. పోయి బెంగుళూరు డకోటా విమానంలో రేడియో ముందర కూర్చున్నా.

నవంబర్ 6, బెంగుళూరు

విమానం కిందికి దిగేటప్పుడు ఎడమ చెవిలో సూది గుచ్చినట్టు. ముక్కు పట్టుకుని ఊదినా తెరుచుకోలేదు. తర్వాత లోపల ఏదో తెగింది. నొప్పి పోయింది. శబ్దమూ పోయింది. హెడ్‌ఫోను తీస్తే మెత్త మీద రక్తం. చేతిగుడ్డతో తుడిచేసినా. కెప్టెన్ చూడలేదు.

నవంబర్ 7, పెనుకొండ

ఆడపిల్ల! ఇద్దరూ బాగుండారు. అత్త తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ముఖమంతా ఎర్రగా చేసుకుని ఏడుస్తాంది. ఎడమ భుజానికి ఆనించుకుంటే — పక్కింట్లో ఎవరో ఏడ్చినట్టుంది.

నవంబర్ 10

సుభద్ర నవ్వుతుందని కెప్టెన్ జాగ్రత్తలన్నీ చెప్పినా. కిటికీ దుప్పటి, చెప్పులు, టీ. నవ్వింది. వెంటనే ఆపేసింది.

"ఇవన్నీ ఆడ ఉండేదానికి కదా. ఈడ ఉండేదానికి ఏం చెప్పలేదా మీ కెప్టెన్?"

నవంబర్ 13, ధర్మవరం

డాక్టరు చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూసినాడు. లోపలి పొర చినిగిందంట. అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు. నీళ్లు పోనియ్యొద్దు, విమానం ఎక్కొద్దు.

"ఏం పని చేస్తారు?"

"విమానంలో వైర్‌లెస్ వింటాను."

లైటు ఆర్పేసినాడు. వీధిలో మగ్గాల చప్పుడు — కుడిపక్క నుంచే.

నవంబర్ 14

తిరుగు రైల్లో సీటు మార్చుకున్నా. మంచి చెవి జనం వైపు ఉండేటట్టు.

నవంబర్ 20, హిందూపురం

మా బెల్లం మండీలో నాయన. "ఏమిరా, పిలిస్తే పలకవు? యాడుండాది నీ మనసు?"

చెప్పేసినా. చేతిలోని బెల్లం అచ్చు కింద పెట్టినాడు. తర్వాత నవ్వినాడు.

"ఈడ కూర్చో. బెల్లం అమ్మేదానికి ఒక చెవి చాలు."

నన్ను ఊరడించాలనే అన్నాడు. నేను మాత్రం కూర్చోలేదు.

నవంబర్ 26

కంపెనీ కబురు. మెడికల్ పరీక్షకు రావాలంట. కంపెనీ డాక్టరు పద్ధతి నాకు తెలుసు. ఒక చెవి వేలితో మూసుకోమంటాడు, వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్తాడు. కుడిచెవి మీద వేలు కొంచెం వదులుగా పెడితే... అంతే. ఎవరికీ తెలీదు.

మబ్బులో దూరినప్పుడు కెప్టెన్ అనేది ఒకటే మాట — "ఇప్పుడు నాకు కళ్లు లేవప్పా, నీ చెవులే." వెనక సీట్లలో చంటిపిల్లల తల్లులు కూడా ఉంటారు.

నవంబర్ 28, పెనుకొండ

సుభద్రకు అంతా చెప్పినా. వదులు వేలు సంగతి కూడా. పిల్లకు పాలిస్తూ విన్నది.

"నేను ఎగరకుంటే నీకు నిమ్మళమే కదా," అన్నా.

"అట్ల అనుకుంటాండారా? విమానం దిగి వచ్చిన రోజు మీ ముఖం ఎట్లుంటాదో నాకు తెలుసు. మండీలో కూర్చుంటే ఆ ముఖం యాడ చూసేది నేను? కానీ..."

పిల్ల ఏడ్చింది. ఆ కానీ అట్లే ఉండిపోయింది.

డిసెంబర్ 1, రైల్లో

మెడికల్ పరీక్షకు బయల్దేరినా. బాలింత గాలికి పోకూడదని అత్త అరుస్తున్నా వినకుండా పిల్లను గుడ్డలో చుట్టుకుని స్టేషనుకు వచ్చింది సుభద్ర. నేను తలుపు దగ్గర నిలబడినా. తను ప్లాట్‌ఫారం మీద, ఎడమపక్క. ఇంజను కూసింది. అప్పుడే ఏదో అనింది. పెదాలు కదలడం చూసినా. ఏదో అడిగినట్టే ఉండాది. తల తిప్పి కుడిచెవి పెట్టేలోపల బండి కదిలింది.

సరే అని తలూపినా.

తన ముఖం ఒక్కసారిగా తేటపడింది. పిల్ల చెయ్యి పట్టి ఊపింది.

హిందూపురం దాటింది బండి. దేనికి సరే అన్నానో...