వెనక తలుపు మీది గీతలు

ఏమండీ, నేను పనికి వెళ్తున్నాను. రేపటి నుంచి మళ్ళీ టాక్సీ తిప్పుతానన్నారుగా, మా అన్నయ్య దగ్గర బండికి మెరుగు పెట్టే మెషిన్, అదే డ్యూయల్ యాక్షన్ పాలిషర్, అడిగి తెచ్చాను. కొత్త ప్యాడ్ తగిలించాను. బానెట్ మీద పెయింట్ పల్చబడింది, గట్టిగా నొక్కకండి.

వెనక తలుపు మాత్రం ముట్టుకోకండి. పాప గులకరాయితో మన ముగ్గురి బొమ్మ గీసింది అక్కడే. పైపై గీతలు, మెషిన్ పెడితే ఇట్టే పోతాయి. "అది కనిపిస్తే బండి తియ్యలేనే" అన్నారు నిన్న. పాప పోయాక తన పుస్తకాలు, బొమ్మలు అన్నీ మీరే ఎవరికో ఇచ్చేశారు. తన చేత్తో గీసింది ఇదొక్కటే మిగిలింది.

అన్నం మూత పెట్టి ఉంచాను, తినండి.

చెరిపెయ్యక తప్పదనిపిస్తే నేను వచ్చేదాకా ఆగండి. మెషిన్ ఇద్దరం పట్టుకుందాం. మీరొక్కరే ఏడుస్తూ చెయ్యొద్దు.