చౌడు మడిలో ఐదు కంకులు

జులై 21, 2025
తమ్ముడు రాజేందర్ ఒప్పుకున్నాడు. ఈ ఒక్క పంట. మా చౌడు భూమిలో చెల్లెలు సుమన తయారుచేసిన వరి ట్రయల్ పాసైతే పొలం ఉంటుంది. లేకపోతే బోధన్ రోడ్డు ప్లాట్ల వెంచర్ వాళ్లకు అమ్మేయాలి. సరేనని మాటిచ్చాను.

జులై 24
నాట్లు. మా బాపు చెరకు వేసిన రోజుల్లో కాలువ నీళ్లు నిలిచి నిలిచి ఉప్పు పైకి తేలింది. పదేళ్లుగా ఏదీ పండలేదు. సుమన ఈ వరి మీద హైదరాబాద్ ల్యాబ్‌లో ఏడేళ్లు పనిచేసింది. బయటి జీన్ ఏదీ పెట్టలేదట. ఉప్పు తట్టుకునేలా వరి సొంత జీన్‌లోనే చిన్న ముక్క కత్తిరించారట. "అంటే వరికి గోర్లు దీసిండ్రా సుమనమ్మా?" అని లింబయ్య అడిగాడు. నలభై ఏళ్లుగా మా పొలం చూస్తున్న మనిషి. సుమన నవ్వి, గట్లనే అనుకో అంది.
నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించింది. ఒక్క గింజ కూడా గట్టు దాటకూడదు. కోసిందంతా ట్రయల్ చూసే ప్రభుత్వ ఆఫీసర్ ముందే తూకం, ముందే సీల్.

ఆగస్టు 30
పక్క మడిలో పోలికకు వేసిన మామూలు వరి మాడిపోయింది. ఇది పచ్చగా ఉంది. దేవుడి దయ.

అక్టోబర్ 3
ఆ వడ్లు తింటే పిల్లలు పుట్టరని ఊళ్లో పుకారు. లింబయ్య చాయ్ హోటల్ దగ్గర, నాకు అరవై ఐదేండ్లు, ముందుగాల నాకే వెట్టుండ్రి, నాకేం పోతది అన్నాడట.

నవంబర్ 11, మధ్యాహ్నం
తప్పు చేశాను.
ఎల్లుండి కోత. పొద్దున స్నానం చేసి, ఐదు కంకులు కోసి పోచమ్మ గుడిలో కట్టి వచ్చాను. ప్రతి కోతకు ముందూ బాపు కట్టేవాడు. ఆయన పోయాక, పండినన్నాళ్లూ నేనే. చేతికి అలవాటు. ఇంటికొచ్చి ఎసరు పెట్టేదాకా కాగితం గుర్తుకు రాలేదు. మళ్లీ పరుగెత్తాను. పిచ్చుకలు. రెండు కంకుల్లో గింజ లేదు. అమ్మా, ఇచ్చింది తీసుకుంటున్నా, ఏమనుకోకు అని మిగిలినవి విప్పుకున్నాను.

నవంబర్ 12
సుమన వచ్చింది. చెప్పాను. అయిదు కంకులే గదక్కా, ఎవరు జూసిండ్రు, ఏడేండ్ల పని అంది. లింబయ్యేమో ఎలుకలు కొరికినయని చెప్దాం, గవి కొరుకుతయి గూడ అన్నాడు. రాజేందర్ ఫోన్‌లో ఒకటే మాట. సప్పుడు జేయకు అక్కా.
దీపం ముందు కూర్చున్నాను. ఊరు ముందే భయపడుతోంది. ఒక్కటి దాచామని తెలిస్తే ఈ బియ్యాన్ని ఎవరూ పొయ్యి ఎక్కించరు.

నవంబర్ 13
చెప్పేశాను.
ఆఫీసర్ కోత ఆపలేదు. తూకం చూసి, చౌడులో ఇంత పండుతుందా అన్నాడు. ఆ తర్వాత ఈ పంట చెల్లదని రాశాడు. గింజలు బయటికి పోయాయి గనుక. వచ్చే యాసంగి పంటకు మళ్లీ మొదటి నుంచి చేయాలి. గుడి దగ్గర మొలకలు వస్తే పీకి అప్పగించాలి.
సుమన జీపెక్కింది. నా వైపు చూడలేదు.

నవంబర్ 19
గుడి చుట్టూ వంగి వెతుకుతున్నాను. అమ్మవారికిచ్చింది ఏరుకుంటున్నవా అనసూయా అని గుడికొచ్చిన వెంకటవ్వ అడిగింది. ఏరుకుంటున్నానన్నాను. రెండు మొలకలు దొరికాయి.

నవంబర్ 23
రాజేందర్ అమ్మకం కాగితాలు తెచ్చాడు. మళ్లీ ఒక్క పంట అన్నాను. ఆఫీసర్ కాడ సత్తెవంతురాలివి, తమ్ముని కాడ గాదా అక్కా అన్నాడు.
మాట తప్పింది నేనే. ఆ పాపం మోస్తాను.
సంతకం పెట్టలేదు. అన్నం పెట్టాను. తినకుండా పోయాడు.

డిసెంబర్ 9, ఉదయం ఆరు
సుమన విత్తనాల పెట్టెతో వచ్చింది. గట్టు మీద చెప్పులు విడిచి నారుమడిలోకి దిగింది.