మోటారు ఆగినట్టుంది

సుబ్బమ్మా,

నువ్వు పోయి ఈపొద్దుకు ఏడాది. నేను సరిగ్గా తినడంలేదని మన పాప నన్ను ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి పిల్చుకోని పోయింది.

"లోపల ఎట్లుందప్పా? నొప్పా, భయమా?" అన్నాడాయన.

రెండూ కాదు. "దిగులు సార్" అనింది పాప. అదీ కాదు. మీ అమ్మ పోయినప్పుడు చీనీతోటలో కూసోని నువ్వు నాతో అన్న మాటే చెప్తి.

"కరెంటు పోయి బోరుమోటారు ఆగినట్టుంది సార్. చప్పుడంతా ఒక్కసారే పోయింది."

ఆయన టార్చి వేసి నా చెవుల్లోకి చూసినాడు. చుక్కలమందు రాసిచ్చినాడు.

ఆపొద్దు నువ్వా మాటంటే నేనేమీ అడగలేదు గదా, ఊరికే నీ పక్కన కూసుంటి.

ఇంటికొచ్చినాక పాప చెవిలో చుక్కలు వేసింది. చల్లగా ఉండె.

"ఇప్పుడెట్లుంది నాయనా?"

"తగ్గిందిమ్మా" అంటి.