ఊరంతా ఒకేచోట దగ్గే పాట

గోవా రాష్ట్రం, సాల్సెట్ తాలూకా, కుర్తొరిం గ్రామ నివాసిని, కీర్తిశేషులు ఇనాసియో కొయెలో గారి పెద్ద కూతురిని, అవివాహితను, కాలేజీలో భాషాశాస్త్రం చెప్పుకుని బతుకుతున్న నలభై ఆరేళ్ళదాన్ని, సెరాఫినా కొయెలో అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. స్థిరమైన బుద్ధి రోజుకు ఇన్నిసార్లు మనసు మార్చుకుంటుందా అని నాకు అనుమానం. అది మాత్రం కాగితం మీద పెట్టొద్దని వకీలు గారు అన్నారు. పెట్టాను.

వచ్చే గురువారం మడగావ్‌లో నా పిత్తాశయం తీసేస్తారు. "దీనికి ఎవరూ పోరమ్మా" అని డాక్టరు నవ్వాడు. "ఎవరూ" అనే మాట మీద నాకు మొదట్నుంచీ నమ్మకం తక్కువ.

1. మా చట్టం ప్రకారం నా ఆస్తిలో సగం, నన్ను అడగకుండానే, మా అమ్మకు పోతుంది. మిగతా సగంలో కింద రాసినవి పోగా అదీ అమ్మకే. "డెబ్బై తొమ్మిదేళ్ళదాన్ని, నీకంటే నేనే ముందు పోతే ఈ కాగితాన్ని ఏం చేసుకుంటావే?" అని అమ్మ అడిగింది.

2. పక్కింటి రెజినాకు నా కొబ్బరికోరు పీట. విడిగా అప్పగించే పని లేదు, తొమ్మిదేళ్ళుగా అది ఆమె దగ్గరే ఉంది. మా చెల్లెలి పెళ్ళికి ముందురోజు మాయమైంది. అడిగినప్పుడల్లా "నీది నీకు ఎప్పుడో ఇచ్చేశాను బంగారం" అంటుంది. ఇప్పుడు చట్టబద్ధంగా ఆమెదే. ఇక సిగ్గుపడనక్కర్లేదు.

3. పాటల పెట్టెను, అందులోని నాలుగు వందల పన్నెండు కార్డులను, రబ్బరు ముద్రను, బ్యాండులో బూర ఊదే కాయెతానోకు ఇస్తున్నాను. కార్నివాల్ పోటీకి వచ్చే పాటల్లో ఏది కొంకణి పాటో, ఏది కాదో తేల్చే పనిని పదకొండేళ్ళ కిందట ఊరు నా నెత్తిన పెట్టింది, చదువుకున్నదాన్నని. పెట్టెలో మూడు అరలు: "కొంకణి", "కాదు", "చూద్దాం". మొదటి అరలో తొమ్మిది కార్డులున్నాయి. రెండో దాంట్లో ముప్ఫై ఒకటి. మిగతావన్నీ చూద్దాంలోనే మగ్గుతున్నాయి.

నేను ప్రయత్నించకపోలేదు. మాటలు కొంకణివైతే చాలన్నాను. మర్నాడే కాయెతానో ఒక హిందీ సినిమా పాటకు కొంకణి మాటలు తొడిగి తెచ్చాడు. రాగం ఇక్కడే పుట్టి ఉండాలన్నాను. అప్పుడు ముత్తాతల నాటి మాండో పాటల దగ్గర్నుంచి బ్యాండు దాకా అన్నీ ఓడెక్కి పోర్చుగల్ పోవలసి వచ్చింది. వాయించినవాడు మనవాడైతే చాలన్నాను. బొంబాయి సినిమాలకు వాయించినవాళ్ళలో చాలామంది గోవావాళ్ళే, ఆ పాటల్లో సగం మావే అయిపోయాయి. ఆ రోజు కాయెతానో ఊరేగింపు తీశాడు. అంతకుముందే ఒకసారి చర్చి మెట్ల మీద అందరి ముందూ అననే అన్నాడు: "టీచరమ్మా, మనూళ్ళో సగం మందికి పోర్చుగీసు పాస్‌పోర్టుంది, వాళ్ళను మనవాళ్ళు కాదన్లేదు గదా. పాటనొక్కదాన్నే పాస్‌పోర్టు తియ్యమంటావేం?" ఇక ఆయనే తేలుస్తాడు. చూద్దాం.

4. ఇక పంది పాట.

నాన్న ముప్ఫై ఏళ్ళు ఓడల్లో వంట చేశాడు. రేవుకో రాగం పట్టుకొచ్చి దానికి మన మాటలు కట్టేవాడు. పండగకు కోయబోతే తప్పించుకుని పాద్రీ గారి మంచం కింద దూరిన పంది మీద కట్టిన పాట వాటిలో ఒకటి. మొదటిసారి పాడినప్పుడు మూడో పాదం చివర ఫెనీ సారా పొలమారి దగ్గాడు. జనం నవ్వారు. ఆ తర్వాత ఎప్పుడు పాడినా అక్కడ దగ్గేవాడు.

నాన్న పోయిన ఏడాదికి చెల్లెలు ఎర్మెలిందా పెళ్ళి. పెళ్ళికి ముందురోజు, పెళ్ళికూతురికి కొబ్బరిపాలు పోసేటప్పుడు కొంకణి పాటలే పాడాలని మాలో కట్టడి. ఎర్మెలిందా పంది పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు. నేను చేతిలో జాబితాతో లేచి, ఈ రాగం ఇటలీ వాళ్ళ బట్టల సబ్బు ప్రకటనది, నా దగ్గర రుజువుంది అన్నాను. పాట ఆగిపోయింది. జుట్టు నుంచి కొబ్బరిపాలు కారుతుండగా ఎర్మెలిందా అడిగింది: "అయితే నాన్న కూడా చూద్దాంలోనేనా అక్కా?"

"కాదు"లో అన్నాను.

తొమ్మిదేళ్ళయింది. ఆమె ఉండేది మడగావ్‌లో, బస్సులో అరగంట. నాతో మాట్లాడలేదు. "నీకు చదువు పెరిగేకొద్దీ చెవులు పూడుకుపోతున్నాయే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

5. మొన్న మే నెలలో ఉత్తరాన మొయిరాలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్కడ నాన్నను ఎరిగినవాళ్ళు లేరు. అయినా పంది పాట పాడారు. మూడో పాదం చివర పెళ్ళికొడుకు దగ్గాడు, ముసలమ్మలు దగ్గారు, ఒళ్ళో పిల్లలు దగ్గారు, బూరవాడు బూర దించి మరీ దగ్గాడు. ఇక్కడెందుకు దగ్గుతారని ఒక ముసలామెను అడిగాను. "అదేం ప్రశ్నమ్మా, దగ్గకపోతే పాటెట్లా అవుద్ది?" అంది.

ఇంటికొచ్చి సబ్బు ప్రకటన మళ్ళీ విన్నాను, నాలుగుసార్లు. అందులో ఎవరూ దగ్గలేదు.

కాబట్టి నా చివరి తీర్పు: పంది పాట కొంకణి పాట. కార్డును నా చేత్తోనే మొదటి అరలోకి మార్చి ముద్ర కొట్టాను. ఈ కొలత మిగతా పాటలకు పనికొస్తుందో లేదో తెలియదు. ఈ ఒక్కదాని సంగతి తెలుసు.

6. చెల్లెలు ఎర్మెలిందాకు ఈ వీలునామాలో చిల్లిగవ్వ ఇవ్వడం లేదు. ఇది కోపం కాదు, ఆమెను సాక్షిగా పెట్టుకుంటున్నాను. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదట, పైగా నేను సంతకం పెడుతుంటే సాక్షి ఎదురుగా ఉండాలట. అంటే ఆమె రావాలి. రెండో సాక్షిగా పోస్టుమాన్ గారి భార్య అయినా సరిపోతుందని వకీలు గారు అన్నారు. వద్దన్నాను. ఎర్మెలిందా రాకపోతే ఇది చెల్లదు, నేను చేసిన తీర్పూ కాగితంగానే మిగిలిపోతుంది.

7. నేను పోతే శవపేటిక వెనక బ్యాండు పంది పాట వాయించాలి. పాద్రీ గారితో సహా అందరూ దగ్గాలి. పోకపోతే ఆపై ఆదివారం మా ఇంట్లో భోజనాలు, అదే పాట.

2019 అక్టోబరు 7, సోమవారం, కుర్తొరింలో మా ఇంటి వరండాలో, మూడు గంటలు ఎదురుచూశాక చేసిన సంతకం:

సెరాఫినా కొయెలో

సాక్షులు:

తోమాస్ రెబెలో, పోస్టుమాన్.

ఎర్మెలిందా కొయెలో. ఎదురుగా ఉండి, అంతా చదివి సంతకం చేశాను. రెజినాను ఏమీ అనొద్దు, కొబ్బరికోరు పీట ఆ రోజు కోపంలో నేనే పట్టుకుపోయాను. దగ్గు మూడో పాదంలో కాదు అక్కా, నాలుగో పాదంలో. ఆదివారం వచ్చి చూపిస్తాను.